చీర పిలిస్తే ఆగిన లాంచి

మా ఆయన భద్రాచలం రేవు నుంచి నడిచే లాంచికి సరంగు. చుక్కాని ఆయన చేతిలో ఉండేది. డెబ్భైల్లో గోదావరంతా ఆయన పనిచేసే కంపెనీ లాంచీలదే. దిగువన కొండల మధ్య ఊళ్ళకు రోడ్డు లేదు కాబట్టి పెళ్ళివారైనా, పురిటి మనిషైనా, చింతపండు గంపలైనా లాంచి ఎక్కాల్సిందే. కంపెనీ యజమాని షావుకారు రేవులోకి వస్తే చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. సరంగు భార్యనని నాకూ కాస్త టెక్కుండేది, దాచుకోవడం ఎందుకు.

పెద్ద రేవుల్లోనే కాదు, ఒడ్డున ఎవరైనా గుడ్డ ఊపితే లాంచి ఆగేది. అడవి ఊళ్ళవాళ్ళు తువ్వాలో, పైటకొంగో ఊపేవారు. ఎంత దూరంలో ఊపినా మా ఆయన చూసేవాడు. ఆగకుండా పోయాడన్న మాట ఎప్పుడూ పడలేదు.

ఎనభైల్లో ఒక్కొక్క ఊరికే రోడ్డు పాకింది. వెనకాలే బస్సు వచ్చింది. జనం బస్సుకి మరిగారు. ఆరు లాంచీలు మూడయ్యాయి, మూడు ఒకటైంది. తక్కిన సరంగులు మణుగూరు గనుల్లో పని వెతుక్కుని పోయారు. మిగిలింది మా ఆయన ఒక్కడే. సరిగ్గా అప్పుడే ఆయన చూపు పోవడం మొదలైంది.

నాకు అన్నం దగ్గర తెలిసింది. కబుర్లు చెబుతూ చేపను ముల్లు లేకుండా ఒలుచుకు తినే మనిషి, వేళ్ళతో తడుముకుంటున్నాడు.

"కళ్ళకేమైంది?" అన్నాను.

"ఏం కాలే. ఇంజను పొగ."

నాలుగు రోజులు వెంటపడితే ఒప్పుకున్నాడు. "మసకగున్నది. దవాఖానకు పోతే కంపెనీలో తెలుస్తది. ఎవ్వలకు చెప్పకు. గీ గోదారి నాకు కళ్ళు మూసుకున్నా ఎరుకే."

చెప్పనని మాటిచ్చాను. ఆ ఉద్యోగం తప్ప మాకు వేరే ఆధారం లేదు.

ఒక వేసవిలో పిల్లలిద్దరినీ తీసుకుని అదే లాంచిలో పుట్టింటికి బయల్దేరాను. నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం మా ఆయన ఉన్నట్టుండి లాంచిని ఒడ్డుకు తిప్పాడు. ముందు నిలబడి గెడతో లోతు చూసే అతను "ఇసుక! ఇసుక!" అని అరుస్తూనే ఉన్నాడు, లాంచి మేటలోకి దిగబడింది. ఒడ్డున ఎవరూ లేరు. పొదమీద ఆరేసిన ఎర్రచీర గాలికి ఊగుతోంది. కాసేపటికి ఒక ముసలామె చీర తీసుకోవడానికి వచ్చి, ఎదురుగా ఇంత లాంచిని చూసి కొయ్యబారిపోయింది.

"నీ చీర పిలిస్తే వచ్చినమే అవ్వా!" అని ఎవరో అన్నారు. లాంచంతా పగలబడి నవ్వింది. మా ఆయనా నవ్వాడు. మగవాళ్ళు దిగి తోస్తుంటే నేను పిల్లల రెక్కలు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అక్కడ ఇసుక బదులు బండ ఉండి ఉంటే?

ఆ వారమే గుడికి పోయి, కంపెనీ మూతపడాలని రాముడికి మొక్కుకున్నాను. మొగుడి ఉద్యోగం ఊడాలని మొక్కిన ఆడది ఆ గుడికి అంతకు ముందు వచ్చి ఉండదు.

మరో రెండేళ్ళకు గానీ రాముడికి తీరిక దొరకలేదు. లాంచి బయటికి పోయిన రోజల్లా నేను గడపలోనే ఉండేదాన్ని. చివరికి కంపెనీ దివాలా తీసింది. ఉన్న ఒక్క లాంచినీ అప్పులవాళ్ళు పట్టుకుపోయారు. రేవులో గెడవేసే అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ పైట మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుపు రాలేదు. గుండెల మీంచి బండ దించినట్టుంది.

మర్నాడు షావుకారే మా ఇంటికి వచ్చాడు. రాజమండ్రిలో తెలిసినవాళ్ళ లాంచి ఉందట, సరంగు కావాలట.

"నాకు చూపు ఆనుతలేదు షావుకారూ," అన్నాడు మా ఆయన. బయటివాళ్ళ ముందు ఆ మాట రావడం అదే మొదలు.

షావుకారు తల దించుకున్నాడు. "నాకు తెలుసోయ్. చీర ముచ్చట విన్ననాడే తెలిసింది. నువ్వు దిగిపోతే కంపెనీ ఆనాడే పోయేది. అందుకని ఊరుకున్నాను. ఇప్పుడు నీ ఇల్లు గడవాలని అడిగాను."

నాకు నెత్తురు మరిగింది. "అంతమంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని తెలిసీ ఎట్ల నడిపించినవయ్యా?" అనబోయాను. షావుకారుకంటే ముందే తెలిసినదాన్ని నేను. అంతా తెలిసే నా పిల్లల్ని ఎక్కించాను.

లోపలికి పోయి చాయ్ పెట్టి తెచ్చాను. ముగ్గురం తాగాం. అన్నాళ్ళూ ఆ లాంచి ఎక్కినవాళ్ళెవరికీ ఏమీ కాలేదు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుని రెండు చేతులూ జోడిస్తాను.