కట్టెల మీద తిమింగలం

అచ్చంపేటలో కట్టెలమోపులు అమ్ముకుని బతికే గుర్వమ్మ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా వానలు మొదలైతే చాలు, "నా కట్టెల మీద తిమింగలం లేసింది, వచ్చి చూడుండ్రి" అని వాడకట్టంతా చాటేది. కొత్తవాళ్లు నవ్వేవారు. నవ్వనీ, ఆ మాట వెనక ఏముందో వాళ్లకేం తెలుసు?

ఎనభైల్లో ఒకసారి ముసురు పట్టినప్పుడు ఆమె తడికట్టెల మీద ఒక ముద్ద పుట్టింది, అచ్చం పసుపు మెత్తినట్టు. మర్నాటికి అందులో కొంత పాకి పక్కింటి రామమ్మ గోడకెక్కింది. ఆ పొద్దునే రామమ్మ మనవడికి జ్వరం వచ్చింది. ఇంకేముంది, గుర్వమ్మ బాణామతి చేసిందన్నారు. ఒంటరి ఆడది, పైగా అడవిలో తిరిగేది; జనానికి అంతకన్నా ఏం కావాలి? పొద్దుగూకేలోగా ఊరు విడిచి పొమ్మన్నారు. ఆమెకు తన చేతులు చూసుకుంటే తనకే భయం వేసింది.

హైస్కూల్లో సైన్సు చెప్పే మెహమూద్ సారు వచ్చి ఆ ముద్ద ఉన్న కట్టెను చూశాడు.

"బడి గోడ మీద తిమింగలం బొమ్మ చూసిండ్రు గదా. చేపలెక్క ఉంటది, చేప కాదు. పిల్లకు పాలిస్తది. గిదీ గంతే. పసుపులెక్క ఉన్నది, పసుపు కాదు, పాణమున్నది. తిమింగలానికి పెద్ద మెదడు, దీనికి ఆవగింజంత గూడ లేదు. అయినా రెండూ తిండి ఏడుంటే ఆడికే పోతయి."

వాడకట్టు పెద్ద దశరథం ఒప్పుకోలేదు. "గట్లయితే నీ ఇంట్ల వెట్టుకో సారూ" అన్నాడు.

సారు తడబడ్డాడు. ఇంట్లో పసిబిడ్డ ఉంది మరి. అప్పుడు ఆయన భార్య అన్వరీ బేగం ముందుకొచ్చింది. "ఇటియ్యి గుర్వక్కా" అని కట్టెను అందుకుంది. తన అరుగు మీద తడిగుడ్డ పరిచి, దాన్ని పెట్టి, సారు చెప్పినట్టు కొంచెం ఎడంగా అటుకులు చల్లింది. పక్కనే చాప వేసుకుని, కొంగు చాటున బిడ్డకు పాలిస్తూ కూర్చుంది. గుర్వమ్మ కళ్లనీళ్లు ఆగలేదు.

తెల్లారేసరికి ముద్ద అటుకుల మీదికి పాకింది. బిడ్డ ఆడుకుంటోంది. రామమ్మ మనవడు దవాఖాన మందుతో లేచి కూర్చున్నాడు. దశరథం ఊరు విడవమన్న మాట వదిలేసి తన దారిన వెళ్లిపోయాడు. రామమ్మ మాత్రం వచ్చి "తప్పయింది" అంది.

ఆ జీవికి సారు ఏదో పేరు చెప్పాడు గానీ గుర్వమ్మకు నోరు తిరగలేదు. తిమింగలమే నిలిచిపోయింది.

తర్వాత సారుకు నార్కట్‌పల్లి బదిలీ అయింది. తొంభైల్లో ఓసారి భార్యతో చూడవచ్చినప్పుడు గుర్వమ్మ తిమింగలం మాట విని నవ్వాడు. "తిమింగలం సముద్రంలది గుర్వమ్మా, గిది కాదు."

"ఎరుకే సారూ" అంది గుర్వమ్మ, అన్వరీ బేగం చేయి పట్టుకుని. "చేప కాకున్నా చేపల నడుమ ఉంటది, పిల్లకు పాలిస్తదని మీరే అంటిరి. నా తోడవుట్టింది కాకున్నా బిడ్డను ఒళ్లె వెట్టుకొని నా కోసం కూసున్నది గీమెనే. గీమె యాదికే గా పేరు వెట్టుకున్న."