ముందు విషయం చెప్పు మామయ్యా

నా చిన్నప్పుడు పర్చూరుకు అవతల ఉన్న మా ఊళ్ళో టెలిఫోను ఒక్కటే ఉండేది. పోస్టాఫీసు మా పక్కింటి ముందు గదిలో నడిచేది కాబట్టి ఊరి ఫోను కూడా అక్కడే మోగేది. నల్లగా, తూకంరాయి అంత బరువుగా ఉండేది. దాని పక్కనున్న పిడి గిరగిరా తిప్పితే ఎక్స్‌ఛేంజీలో ఎవరో పలికేవారు. వాళ్ళకు ఊరూ నంబరూ చెప్పి అరుగు మీద కూర్చుంటే, లైను దొరికేసరికి ఒక్కోసారి పూట గడిచిపోయేది. అంతసేపు కాచుకుని సంపాదించుకున్న కాల్ మూడంటే మూడు నిమిషాలు.

ఆ మూడు నిమిషాలూ మా ఊరివాళ్ళు యోగక్షేమాలు అడగడానికే ఖర్చుపెట్టేవారు. మా వైపు మర్యాద అలాంటిది. ఎదుటివాళ్ళ ఇంట్లో పెద్దా చిన్నా అందరినీ పేరుపేరునా అడక్కుండా పనిలోకి దిగితే, పలకరించే తీరికైనా లేని మనిషని చెప్పుకుంటారు. ఈ మర్యాదలో మా నాయనమ్మను మించినవాళ్ళు లేరు. ఒకసారి ఆవిడ పట్నంలో బ్రాడీపేటలో ఉన్న మా అత్తయ్యకు ఫోను కలిపించుకుంది. బాబాయికి పిల్లను చూడటానికి వెళ్ళేది ఆదివారం కాదు, శనివారం అని చెప్పాలి. అంతకుమించి పని లేదు. నాయనమ్మ అత్తయ్యను అడిగింది, అల్లుణ్ణి అడిగింది, వియ్యపురాలిని అడిగింది, ఆవిడ మోకాళ్ళ నొప్పులను విడిగా అడిగింది, ఆఖరికి వాళ్ళ గేదె ఈనిందా అని అడుగుతూ ఉండగా లైను కట్టయింది. అత్తయ్య ఆదివారం పొద్దున్నే బత్తాయిల సంచితో దిగింది. అప్పటికి పిల్లను చూసి రావడమూ, తాంబూలాలు పుచ్చుకోవడమూ అయిపోయాయి. నెల రోజులు అత్తయ్య మాతో మాట్లాడలేదు.

ఇలాంటివి చూసి చూసి విసుగెత్తింది మా పక్కింటి అక్కకు. ఆమె పోస్టుమాస్టరు గారి పెద్దమ్మాయి. పది పాసై ఇంట్లో ఉండేది, ఫోను బాధ్యతంతా ఆమెదే. ఆమె ఒక పద్ధతి పెట్టింది. ఫోనుకు వచ్చినవాళ్ళు లైను కలిసేలోగా గోడకు ఎదురుగా నిలబడి, చెప్పాల్సింది ముందు గోడకు చెప్పాలి. అదీ ఒక్క ఊపిరిలో. 'ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగిందే విషయం, మిగతాదంతా కబుర్లు' అనేది. మీసాలున్న మోతుబరులు గోడతో మాట్లాడటమేమిటని సణుక్కుంటూనే సున్నం గోడకు తమ వ్యవహారాలు విన్నవించుకునేవారు. మేము కిటికీలోంచి చూసి పడీపడీ నవ్వేవాళ్ళం.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బెల్లం చుట్టూ ఈగలా ఆ ఫోను చుట్టూ తిరిగేదాన్ని. అక్క నన్ను తరిమేయకుండా ఒక ఆట కనిపెట్టింది. లైను లేనప్పుడు రిసీవరు నా చేతికిచ్చి, నన్ను మాట్లాడమనేది. నేను మా నాయనమ్మ మనవరాలినే కదా, 'అందరూ బాగున్నారా' అని మొదలుపెట్టేదాన్ని. ఆమె వెంటనే ఫోను మీది మీట వేలితో నొక్కి, 'కట్టయింది. మళ్ళీ' అనేది. మళ్ళీ బాగున్నారా అంటే మళ్ళీ కట్టు. ఉక్రోషంతో ఏడ్చేశాను కూడా. అయినా ఆమె జాలిపడలేదు. నాలుగో రోజుకు గానీ నా నోటికి విషయం ముందు రావడం అలవాటు కాలేదు.

ఆ ఏడు మా ఇంటికి ఆధారం మిరపకాయలే. అంతకు ముందు ఏడు పత్తి పురుగు పాలైంది. ఈ పంట కూడా పోతే రెండెకరాలు అమ్ముకోక తప్పదని నాన్న అమ్మతో అనడం నేను విన్నాను. కోసిన కాయంతా ఊరి బయట కల్లంలో ఎండబోసి ఉంది. మాదే కాదు, వరసగా ఊరందరి కల్లాలూ ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. కాయ తడిసిందంటే రంగు పోతుంది, బూజు పడుతుంది, ఇక దాన్ని అడిగే నాథుడుండడు.

ఒకనాటి మధ్యాహ్నం పోస్టుమాస్టరు గారు పర్చూరు వెళ్ళారు. అక్క మంచినీళ్ళ బిందె తీసుకుని బావికి వెళుతూ, ఒక్క ఐదు నిమిషాలు చూస్తూ ఉండమంది. ఆమె సందు మలుపు తిరిగిందో లేదో ఫోను మోగింది. పరుగున వెళ్ళి ఎత్తాను. చీరాల బట్టల కొట్లో గుమాస్తాగా ఉన్న మా మేనమామ. నా గొంతు గుర్తుపట్టి ఆయన మహా సంబరపడ్డాడు. ఏమ్మా బాగున్నావా, అమ్మ బాగుందా, నాయనమ్మ దగ్గు తగ్గిందా అని మొదలుపెట్టాడు. నాకు అక్క వేలు మీట మీదికి దిగుతున్నట్టే అనిపించింది.

"అందరం బాగున్నాం. ముందు విషయం చెప్పు మామయ్యా" అన్నాను.

పిల్ల ముండ ఇంత మాట అంటుందని ఆయన అనుకుని ఉండడు. పలకరింపులు అక్కడే ఆపేశాడు. తర్వాత గబగబా చెప్పాడు. చీరాలలో వాన కుమ్మేస్తోంది, గాలి మీ వైపే ఉంది, కాయ కుప్పేసి కప్పమను. అంతే, లైను గరగరమని ఆగిపోయింది. మళ్ళీ మోగలేదు.

పోస్టాఫీసు తలుపు దగ్గరగా వేసి, చెప్పుల్లేకుండా కల్లం దాకా పరుగెత్తాను. దారి పొడవునా ఆ మాటే గోడకు చెప్పినట్టు చెప్పుకుంటూ వెళ్ళాను. నాన్నకు ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన తలెత్తి చూశాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఎండ పేలిపోతోంది. ఆరుతున్న కాయను కుప్పేస్తే మెత్తబడుతుందని ఆయన బాధ.

"ఇంత ఎండలో వానేంటే? ఆటలాడుకోవడానికి కల్లమే దొరికిందా?" అన్నాడు.

వేపచెట్టు నీడన చుట్ట కాల్చుకుంటున్న మా తాతయ్య లేచి వచ్చాడు. నన్ను ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఒక్క మాట తేడా లేదు.

"అబద్ధమైతే ఇంకా పొడుగ్గా ఉండేదిరా. కుప్పెయ్యండి" అన్నాడు.

ఆయన మాటకు నాన్న ఎదురు చెప్పలేదు. పారా, చేటా, ఏది అందితే అది పట్టుకుని అందరూ దిగారు. నేను వరసగా కల్లం కల్లానికీ వెళ్ళి అదే మాట చెప్పాను. మా తాతయ్య కుప్పేయిస్తున్నాడంటే ఇక మిగతావాళ్ళూ ఆగలేదు. కాయ ఎగదోస్తుంటే ఆ ఘాటుకు కల్లాలన్నీ తుమ్ములే తుమ్ములు, అందరి కళ్ళలోనూ నీళ్ళు. బరకాలూ, గోనెపట్టాలూ, తాటాకు చాపలూ, ఆఖరికి ఎవరింట్లోనో మంచం మీది జంపఖానా కూడా వచ్చింది. చివరి కుప్ప అంచుల మీద రాళ్ళు పెడుతుండగా తూర్పున నల్లగా లేచింది. మేము పాక కిందికి చేరేసరికి చినుకులు కాదు, ధారలే పడ్డాయి.

గంటసేపు కురిసింది. వెలిశాక నాన్న బరకం అంచు ఎత్తి, లోపల చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీశాడు. గలగలమంది. ఆయన నన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లను, కాళ్ళు వేలాడుతున్నాయి, అయినా ఊళ్ళోకి అలాగే తీసుకెళ్ళాడు. రాజ్యం గెలిచిన రాణి కూడా అంత ఎత్తున కూర్చుని ఉండదు. పోస్టాఫీసు అరుగు మీద అక్క తడిసిన జడ పిండుకుంటూ నిలబడి ఉంది. నన్ను చూసి గాల్లో వేలు పెట్టి మీట నొక్కినట్టు చూపించి నవ్వింది. నాయనమ్మ మాత్రం ఎదురొచ్చి, మామయ్య బాగున్నాడా అని అడిగింది. నేనడగలేదని చెబితే ఆవిడకు ఆ పూట అన్నం సయించలేదు.

ఆ తర్వాత ఫోన్లు ఎన్ని రకాలుగా మారాయో. పిడి పోయి డయలు వచ్చింది. ఎస్టీడీ బూత్‌లలో మీటరు మీద ఎర్ర అంకెలు పరుగులు తీస్తుంటే అక్క చెప్పినట్టు ఒక్క ఊపిరిలో మాట్లాడి బయటపడేదాన్ని. ఇంటింటికీ ఫోనొచ్చాక దానికి పూలు కుట్టిన గుడ్డ కప్పాం. సెల్లు కొత్తల్లో ఒక మిస్డ్ కాల్ ఇస్తే బయల్దేరినట్టు, రెండిస్తే చేరినట్టు. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా కట్టు చేసేవాళ్ళే లేరు. మా నాయనమ్మ ఒక యాభై ఏళ్ళు ముందు పుట్టేసింది పాపం.

మొన్న కోతల కాలంలో మనవరాలిని తీసుకుని చీరాల దగ్గరి వాడరేవు వెళ్ళాను. ఇసకలో కూర్చున్నామో లేదో సముద్రం మీద మబ్బు కమ్మి వాన దంచింది. మా తమ్ముడి కొడుకు కాయ కల్లంలోనే ఉందని నాకు తెలుసు. ఊరి వాట్సాప్ గ్రూపు తెరిస్తే శుభోదయాలూ, గులాబీలూ, దండాలూ. ఒక కొట్టు చూరు కింద నిలబడి, మైకు గుర్తు నొక్కి, ఎదురుగా ఉన్న గోడకు చెప్పినట్టు చెప్పాను. వాడరేవులో పెద్ద వాన, గాలి మన వైపే ఉంది, కాయ కప్పండి. అరగంటకు జవాబొచ్చింది. "కప్పేశామత్తా. ఒక్క కాయ తడవలేదు."

వెంటనే పర్చూరులో ఉన్న అక్కకు ఫోను చేశాను. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి, చెవి కొంచెం మందం.

"అక్కా, ఊళ్ళో కాయ తడవలేదు" అన్నాను.

"విషయం అయిపోయింది కదా. ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నావమ్మా?" అంది.

వాన వెలిసేదాకా ఆ చూరు కిందే నిలబడి అన్నీ చెప్పాను, మనవరాలి పళ్ళు ఊడటంతో సహా.