ఖాళీ స్ట్రిప్పుల మీది చీటీలు

ఫిల్మ్‌నగర్‌లో మా పై వాటాలో ఉండే ఆవిడ సినిమా కాస్ట్యూముల విభాగంలో పనిచేసేది. ఏ సీనుకు ఏ చీరో చీటీ రాసి పిన్నుతో గుచ్చేది. నా డైరీలకన్నా ఆ చీటీలే నిక్కచ్చిగా ఉండేవి. రొమ్ము క్యాన్సర్‌కు ఏళ్లుగా మింగిన హార్మోనును తగ్గించే మాత్రల ఖాళీ స్ట్రిప్పులకూ అలాగే తేదీల చీటీలు గుచ్చిపెట్టింది.

జబ్బు తిరగబెట్టింది. "మాత్రలు ఎగ్గొట్టినవ్, అందుకే మళ్ల వచ్చింది," అన్నాడు భర్త. నాకు ఒళ్లు మండి, ఆ స్ట్రిప్పుల సంచీతో సహా ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకువెళ్లాను.

జరిగింది విని, సంచీ చూసి డాక్టరుగారు, "మీ తప్పేమీ లేదమ్మా. ఈస్ట్రోజెన్ అనే హార్మోనును అందుకునే గ్రాహకమే క్యాన్సర్ కణంలో మారిపోయింది. హార్మోను లేకున్నా అది కణాన్ని పెంచుతోంది. మందు మారుద్దాం," అన్నారు.

ఆమె కొత్త మందు గురించి అడగలేదు. "సారూ, మా ఆయన బయట కూసున్నడు. జర గీ మాట ఆయన ముంగట గూడ చెప్పుండ్రి," అంది.