వాగు మేనత్త

కొండ కింది బడిలో సైన్సు చెప్పే టీచరమ్మది ఆ కొండవాళ్ళ కుటుంబమే. ఇంట్లో అందరూ బడి వెనక పారే వాగును మేనత్త అనేవారు. చిన్నప్పుడు తను ఆ అత్త నీళ్ళలో ఉమ్మితే అమ్మ వీపు విమానం మోత మోగించేది. పుస్తకంలో మాత్రం ఆ వాగు 'జలవనరు'. ఇంటిమాట ఇంట్లో, బడిమాట బళ్ళో అనుకుంటూ టీచరమ్మ చాలా ఏళ్ళు నెట్టుకొచ్చింది.

దేశమంతటికీ కొత్త పర్యావరణ పుస్తకం రాయిస్తూ, ఒక పాఠం ఆమెకు అప్పగించారు. ఎగిరి గంతేసింది. 'వాగు మనందరి మేనత్త' అని మొదలుపెట్టి, ఒక్క ఊపున రాసి పంపింది.

రాజధానిలో సమావేశం జరిగింది. సంపాదకుడు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"బాగుందమ్మా, చదువుతుంటే నాకూ కాళ్ళు తడిసినట్టే ఉంది. కానీ మా ఎండ ఊళ్ళలో నీళ్ళు ట్యాంకర్లో వస్తాయి. ట్యాంకర్ని మేనత్త అనమంటారా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, మనసు చివుక్కుమంది. మధ్యాహ్నం అన్నం సయించలేదు. అయినా ఆయనన్న దాంట్లో తప్పేముంది? తన మేనత్తను దేశమంతటి నెత్తిన రుద్దితే, తన నెత్తిన 'జలవనరు'ను రుద్దినవాళ్ళకూ తనకూ తేడా ఏముంది?

అక్కడే కూర్చుని పాఠం మార్చింది. వాగు కథ ఉంచి, నీటిమట్టం కొలవడం చేర్చి, చివర ఇలా రాసింది: 'మీ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆ చోటును మీ పెద్దవాళ్ళు ఏమని పిలుస్తారు? ఎందుకు? అడిగి రండి.'

"దీనికి మార్కులెలా వేస్తారమ్మా?" అన్నాడు సంపాదకుడు.

"అడిగొస్తే చాలండి, మార్కులిచ్చేయడమే."

"ఇలాంటివి ఇంకో నాలుగు రాశారంటే నా ఉద్యోగం ఊడుతుంది," అంటూనే ఆయన సరేనన్నాడు.

పుస్తకం అచ్చయి ఇంటికొచ్చింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమే, అత్తను పరీక్షకు కూర్చోబెట్టావా? పాసవుతుందంటావా?"

ఆ పాఠం చెప్పిన మర్నాడు పిల్లలు తలో జవాబు పట్టుకొచ్చారు. దూరప్రాంతం నుంచి కొత్తగా వచ్చిన మేస్త్రీ కూతురు అంతవరకూ క్లాసులో నోరు విప్పింది లేదు. ఆ రోజు తనంతట తనే లేచింది.

"మా ఊళ్ళో బావిని తాతయ్య అంటారట టీచర్. ఎండిపోయినా తాతయ్యేనట."

ముందు బెంచీ పిల్ల గబుక్కున వెనక్కి తిరిగింది. "ఇప్పుడెలా ఉన్నాడు మీ తాతయ్య?"

"మొన్న వానలకు కాస్త కోలుకున్నాడట."

అమ్మయ్య అని క్లాసంతా ఊపిరి పీల్చుకుంది. టీచరమ్మకు కడుపు నిండినట్టయింది.