తొమ్మిదిని వదిలించుకున్న విధం

మనవరాలు ఆకు పసరుతో పలక తుడుస్తుంటే ఆ వాసనకు మా జమ్మలమడుగు బడి గుర్తుకొచ్చింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. పక్కన కూర్చునే మాబున్ని అనే పిల్ల పలక నా చేతిలో పగిలితే, మేక తొక్కిందని చెప్పాను. పాపం, పలక లేక ఆ పిల్ల ఇసుకలో రాసుకునేది.

ఆ వారమే లెక్కల అయ్యవారు తొమ్మిదో ఎక్కాన్ని ఆటవెలది పద్యంగా కట్టి పాడారు. తొమ్మిదిని ఎంతతో హెచ్చించినా, వచ్చిన అంకెలను కూడుతూ పోతే మళ్లీ తొమ్మిదే. కర్మ కూడా అంతే, ఎన్ని జన్మలెత్తినా వదలదట. మేక మీద చెప్పిన అబద్ధం గుర్తొచ్చి లేచి నిలబడ్డాను.

"సున్నతో హెచ్చేస్తే అయ్యవారూ?"

ఆయన పద్యం ఆపి నా వైపు తిరిగారు. "నువ్వే సున్నయిపోతే కర్మ యాడ అంటుకుంటాది పాపా?"

దారి దొరికింది. పరీక్షలో వచ్చిన లెక్కలన్నీ పట్టుదలగా తప్పు చేసి సున్న సంపాదించాను. లెక్కల్లో నేను అనుకున్నది సాధించింది ఆ ఒక్కసారే. మోక్షానికి బదులు మొట్టికాయలు దక్కాయి.

మాబున్ని దగ్గరికి జరిగింది. "ఏడ్వాకు మే. నాకు నాలుగు మార్కులొచ్చినాయి, రెండు నువ్వు తీసుకో."

అప్పుడైనా పలక సంగతి చెప్పాల్సింది. చెప్పకుండా ఆ రెండూ తీసుకున్నాను. నన్ను వదలని తొమ్మిదికి ఆ రెండు కలిపితే ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు.