ఒకటే గదిలో నా రోగం

ఆ రోజు మగ్గం చప్పుడులోంచి ఎవరో నన్ను తిడుతున్నట్టు వినిపించింది. పోచంపల్లిలో మా ఇంట్లో అన్న నేస్తున్నాడు, నేను చిటికి కడుతున్నాను. నూలుకు రబ్బరు ముక్క బిగించి కడితే అక్కడ రంగు ఎక్కదు. ఎందుకు తిడుతున్నావని అడిగితే అన్న "నేనేడ తిట్టిన్రా" అని నవ్వాడు. 1950ల చివరి మాట. అప్పటికి నాకు ఇరవై దాటాయి.

కొన్నాళ్ళకు అన్నంలో రంగు కలుపుతున్నారని తినడం మానేశాను. నయమవుతుందని గుట్ట మీది గుడికి తీసుకుపోయి రాత్రి అక్కడే నిద్ర చేయించారు. చివరికి హైదరాబాదు పెద్ద దవాఖానలో డాక్టర్ "స్కిజోఫ్రీనియా" అన్నాడు. కరెంట్ షాక్‌లు ఇచ్చారు, తర్వాత క్లోర్‌ప్రోమజీన్ గోలీలు. చెవిలో తిట్టే గొంతులు తగ్గాయి. నాకు కావలసింది ఒక్కటే, మళ్ళీ మా ఇంట్లో పనికి కూర్చోవడం.

ఇంటికొచ్చాను. మాది ఒకటే గది. మగ్గం, పొయ్యి, మనుషులు, అన్నీ అందులోనే. పొద్దంతా అందరి కళ్ళూ నా మీదే. చేతులు వణికితే బాపు తిట్టేవాడు. అది గోలీల వణుకని డాక్టర్ చెప్పినా వినలేదు. అమ్మ ఏడుస్తూ నేను కట్టిన ముడులు విప్పి మళ్ళీ కట్టేది. "వాడు తిన్నడా? వాడు గోలి మింగిండా?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. నేను మధ్యలోనే కూర్చుని ఉన్నాను. నన్ను అడిగినవాళ్ళు లేరు. గొంతులు తిరిగొచ్చాయి, ఈసారి బాపు గొంతుతో.

మళ్ళీ దవాఖాన. ఇప్పుడు బాపు గొంతే తిడుతోందని చెప్పాను. పొద్దంతా ఇంట్లో ఎవరుంటారని డాక్టర్ అడిగాడు.

"అందరం ఉంటం సారూ. మగ్గం ఇంట్లనే గద" అన్నాడు బాపు.

"మందు నేనిస్త. నోరు జర మీరు కట్టేసుకోవాలె."

"కన్నకొడుకును ఒక మాట అనొద్దా?" అన్నాడు బాపు. బస్సులో దారంతా అదే మాట.

మర్రిగూడకిచ్చిన మా అక్క నన్ను తీసుకుపోయింది. ఆమెకు మాటలు తక్కువ. "తిను తమ్మీ, నేను చేనుకు పోతున్న" అని గిన్నె పెట్టి వెళ్ళిపోయేది. నూలు కూడా తెప్పించింది. నేను కట్టిన ముడి ఎవరూ విప్పలేదు. ఏడాదికి నిద్ర, ఆకలి తిరిగొచ్చాయి. ధైర్యం చేసి ఇంటికి పోయాను. బాపు గడపలోనే తిట్లు మొదలుపెట్టాడు.

పక్క వాడలో గది కిరాయికి తీసుకుని ఒక్కణ్ణే మగ్గం పెట్టుకున్నాను. అమ్మ వచ్చేది. బాపు బతికున్నన్నాళ్ళూ రాలేదు. పెళ్ళి కాలేదు. ఇప్పటికీ ఒక్కణ్ణే వండుకుంటాను, గోలీలు మానలేదు.

తల్లిదండ్రుల వల్లే ఈ రోగం వస్తుందని కొందరు రాస్తున్నారు. తప్పు. మావాళ్ళు రోగం తేలేదు, తిరగబెట్టించారు. ఆ కోపం నాకింకా పోలేదు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే గోలీలు మాన్పించకండి. తిట్టాలనిపించినా ఏడవాలనిపించినా మీరే లేచి కాసేపు వాకిట్లోకి పొండి. మా ఇంటికీ వాకిలి ఉండేది.