బెదిరింపు ఫోను వచ్చిన మధ్యాహ్నం

అమలాపురంలో నేను ఉద్యోగం చేసిన ప్రభుత్వ భవనంలో టెలిఫోను గది మేడమెట్ల కింద ఉండేది. పైన అరడజను ఆఫీసులు, కింద నేనూ నా బోర్డూ. బయటినుంచి ఏ ఫోనొచ్చినా ముందు నా దగ్గర మోగేది. నేనెత్తి, ఎవరు కావాలో కనుక్కుని, మీట నొక్కి పైకి కలిపేదాన్ని. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులు. పొద్దున్నే ఫోనెత్తి "ఏవండీ, కాస్త కాకినాడ లైను ఇప్పించండీ" అని తేనె ఒలకబోసిన గుమాస్తాగారే సాయంత్రం బస్టాండులో ఎదురుపడితే నన్ను దాటుకుని వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. మొదట్లో నేనే పలకరించేదాన్ని, తర్వాత మానేశాను.

అద్దె గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. మాది ఆత్రేయపురం. నాకు అయినవాళ్లంటూ ఉన్నది మా అక్క ఒక్కతే, ఆవిడ అక్కడే పూతరేకులు చేసి అమ్ముకునేది. రోజంతా ఊళ్లోవాళ్ల మాటలు నా చెవి పక్కనుంచే పోయేవి, నాతో మాట్లాడేవాళ్లు మాత్రం లేరు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని గోడకేసి చూస్తూ తినేదాన్ని. ఆ ఒంటరితనం ఏడుపొచ్చే రకం కూడా కాదు. ఉత్త విసుగొచ్చే రకం.

ఆ రోజుల్లో ప్రభుత్వాఫీసులకు బెదిరింపు ఫోన్లు వస్తున్నాయని పోలీసులు వచ్చి మా అందరికీ ఓ పూట ఏం చెయ్యాలో చెప్పి వెళ్లారు. ఇన్‌స్పెక్టరుగారు నన్ను నిలబెట్టి మరీ చెప్పారు.

"ఫోనొస్తే కంగారు పడకండమ్మా. ముందు ఆఫీసరుగారికి, తర్వాత మాకు, ఆ తర్వాత వరసగా అన్ని సెక్షన్లకీ చెప్పండి. గంట కొడితే జనం మెట్ల మీద తొక్కుకుంటారు, అందుకని ఫోనులోనే నెమ్మదిగా చెప్పాలి. మీరు మాత్రం బోర్డు వదలకూడదు. అందరూ దిగేక ఓ మనిషొచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాడు."

ఆ మనిషి ఎవరో ఆయన చెప్పలేదు. సూపరింటెండెంటుగారు అది అటెండరు పని అనుకున్నారు. అటెండరు అది సూపరింటెండెంటుగారి పని అనుకున్నాడు. ఈ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఫోను ఓ వానాకాలం మధ్యాహ్నం, వాన పడుతుండగా వచ్చింది. మగగొంతు. "మీ బిల్డింగులో బాంబు పెట్టాం. కాసేపట్లో పేలిపోద్ది."

నా నోటికి అలవాటైన మాటలే వచ్చాయి. "ఆయ్, చెప్తానండీ. ఎవరు ఫోను చేసేరని చెప్పమంటారండీ?" అన్నాను.

అవతలివాడు తెల్లబోయినట్టున్నాడు. ఏదో గొణిగి పెట్టేశాడు. ఈ మాట పోలీసులకు నేనే చెప్పాను, వాళ్లు ఊరంతా చెప్పారు. ఆ రోజు బాంబూ లేదు, గీంబూ లేదు. కానీ నేను అక్కడ ఉన్నన్నాళ్లూ "బాంబు పెట్టినోడికి కూడా అండీయేనా అండీ?" అని నన్ను ఏడిపిస్తూనే ఉన్నారు. నవ్వితే నవ్వారు. మిగతా కథ అడిగినవాళ్లు లేరు.

ఆఫీసరుగారికి చెప్పాను. పోలీసులకు చెప్పాను. తర్వాత ఒక్కో సెక్షనుకూ ఫోను చేసి, సామాన్లు వదిలేసి కిందికి దిగమన్నాను. పై అంతస్తులో ఓ పెద్దావిడ "టీ ఇప్పుడే వచ్చిందండీ, తాగేసి దిగుతామండీ" అంది. కేకలేశాను. ఆ ఉద్యోగంలో నేను కేకలేసింది అదొక్కసారే.

నా నెత్తిమీద మెట్లు దడదడలాడాయి. చెప్పుల చప్పుడు, ఎవరిదో గొడుగు పడిన చప్పుడు, "నెమ్మదండీ, నెమ్మదండీ" అని అరుపులు. కాసేపటికి అన్నీ ఆగిపోయాయి. బోర్డు మీద ఒక్క లైటూ వెలగడం లేదు.

నన్ను తీసుకెళ్లే మనిషి కోసం చూశాను. తలుపు తీసే ఉంది, గేటు కనబడుతూనే ఉంది. లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. ఇన్‌స్పెక్టరుగారి మాట మీద గౌరవం కొంతే, అసలుది మొండితనం. "ఆ ఫోను అమ్మాయి ఇంకా రాలేదేమిటి?" అని ఒక్కరైనా అనకపోతారా, చూద్దాం అనుకున్నాను. చచ్చిపోతానేమోనని భయం వేస్తూనే ఉంది. అయినా ఇది తేలేదాకా కదిలేది లేదని కూర్చున్నాను.

ఎవరూ రాలేదు. వాన వెలిసింది. గేటు అవతల కొబ్బరిబొండాల బండి దగ్గర కత్తి చప్పుడు వినబడుతోంది. మావాళ్లు నీళ్లు తాగుతూ కబుర్లలో పడ్డారు.

జిల్లాలో ఎవరితోనైనా మాట్లాడగలిగే బోర్డు నా ముందు ఉంది. ఎవరితో మాట్లాడాలో తోచలేదు. చివరికి అక్క పక్కింటి నంబరు తిప్పాను. ఆ ఇంటి పిన్నిగారు ఎత్తారు.

"పిన్నిగారండీ, ఓసారి అక్కని పిలుస్తారా?"

"రేకులు తీస్తోందమ్మా. కుండ మంచి వేడి మీదుంది, ఇప్పుడు లేస్తే చల్లారిపోద్ది. అర్జెంటా?"

"అబ్బే, అర్జెంటేం కాదండీ. ఊరికే చేసేను."

"అయితే సాయంత్రం చెయ్యమ్మా."

"ఆయ్, అలాగేనండీ."

సాయంత్రం అన్న మాట వినగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంటూ ఉండగానే బోర్డు మోగింది. స్టేషను నుంచి.

"మేడం, మావాళ్లు కుక్కని తీసుకుని బయల్దేరేరు. బిల్డింగు ఖాళీ అయిపోయిందాండీ? లోపల ఎవరూ లేరు కదా?"

"ఆయ్, ఖాళీయేనండీ. ఎవరూ లేరండీ."

"థాంక్సండీ" అని అతను పెట్టేశాడు.

రిసీవరు కింద పెట్టాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. ఇన్నాళ్లూ వాళ్లందరి మీదా పళ్లు నూరాను. ఇందాకటినుంచి ఒక్కరైనా అడుగుతారా అని కూర్చున్నాను. ఒకతను అడిగాడు. లోపల ఎవరూ లేరని నేనే చెప్పాను. అబద్ధమాడుతున్నానని కూడా నాకు తట్టలేదు. ఆ గదిలో అంత భయం నాకు ఇంకెప్పుడూ వేయలేదు.

బోర్డు వదిలేసి లేచాను. సంచీ కూడా తీసుకోలేదు. వరండా దాటి వాననీళ్లలోంచే నడిచాను. అప్పుడే పోలీసు జీపు వచ్చి గేటు దగ్గర ఆగింది.

"అందరూ వచ్చేసినట్టేనాండీ?" అని అడుగుతున్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"ఎప్పుడో వచ్చేసేరండీ" అంటున్నారు మా సూపరింటెండెంటుగారు.

"లేదండీ!" అని అరిచాను. "నేనిప్పుడే వస్తున్నాను. ఇంతసేపూ లోపలే ఉన్నాను."

అందరూ ఇటు తిరిగారు. సూపరింటెండెంటుగారి చేతిలో బొండాం అలాగే ఉండిపోయింది.

"అయ్యో, నువ్వున్నావు కదమ్మా!" అన్నారు.

"ఉన్నానండీ" అన్నాను.